దొంతిగుట్ట మీద పెళ్ళి

పెళ్ళికి చోటు చూడటానికి కార్తీకంలో దొంతిగుట్ట ఎక్కిన రోజే ముత్తమ్మ ఆ మరకలు చూసింది. గుట్ట కొసన, తూర్పు చరియ కింద, బోర్లా పడుకుని తొంగి చూస్తే తప్ప కనపడని చోట, బండకు మూడు నల్లటి మరకలు. ఒక్కొక్కటి చాటంత ఉంది. అంచుల వెంబడి ఎండిన మైనం. చూసింది, లేచి చీర దులుపుకుంది, ఎవరితోనూ ఏమీ అనలేదు.

పైన పెళ్ళికూతురు ఉదయలక్ష్మి గాలికి చున్నీ ఎగిరిపోతుంటే రెండు చేతులా పట్టుకుని నవ్వుతోంది. "ఇక్కడే! ఇంకో చోటు చూడక్కర్లేదు" అంటోంది. పెళ్ళికొడుకు వినయ్ నాలుగు దిక్కులా ఫోటోలు తీస్తున్నాడు. ఇలాంటి గుట్టల మీద నడవడానికి వచ్చినప్పుడే ఆ ఇద్దరికీ పరిచయమైంది. అందుకే పెళ్ళి కూడా గుట్ట మీదే అని ఇళ్ళలో పట్టుబట్టి ఒప్పించుకున్నారు. అంత సంబరం మధ్యలో, ఖాళీగా ఉన్న బండను చూపించి "ఈడ తేనెటీగలు వాల్తయి" అని ఎలా అంటుంది? ఇప్పుడు లేవు కదా. ఏమో, ఈ ఏడు రాకపోవచ్చు కూడా.

రాకుండా ఉండవని ముత్తమ్మకు తెలుసు. మాఘంలో మోదుగు పూసిందంటే అవి వచ్చి తీరతాయి. ఆమె పుట్టింది ఆ గుట్ట కిందే.

చౌటుప్పల్ దాటి లోపలికి పోతే వచ్చే గూడెం ఆమెది. బడికి పోవలసిన వయసులో మేకల వెంట దొంతిగుట్ట ఎక్కి దిగింది. ఏ సందులో నీళ్ళు నిలుస్తాయో, ఏ బండ ఎండకు జారుతుందో, ఏ పొదలో పాము ఉంటుందో ఆమెకు అరికాళ్ళతో తెలుసు. పదేళ్ళప్పుడు ఎవరో కాపరి చలికి ఎండుగడ్డి మంట వేస్తే, పొగ చరియకు తగిలి ఈగలు లేచాయి. తుమ్మచెట్టుకు కట్టేసి ఉన్న రెండు మేకలు ఆమె కళ్ళ ముందే గిలగిలా కొట్టుకుని చచ్చిపోయాయి. తాడు విప్పడానికి పోబోయిన ముత్తమ్మను ఆమె తండ్రి జుట్టు పట్టుకుని వెనక్కి లాగి గొంగడి కింద తొక్కిపెట్టాడు. ఆ మేకల అరుపు కంటే, ఆ ఈగల రొద ఆమెకు ఎక్కువ గుర్తు.

జంగయ్యను పెళ్ళి చేసుకుని కొత్తపేటకు వచ్చాక గుట్టల సంగతే మరిచిపోయింది. ఇరవై రెండేళ్ళు గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్లో బత్తాయిలు ఏరింది, ఎండాకాలం మామిడికాయలు ఏరింది. జంగయ్య అక్కడే ట్రాలీ ఆటో నడిపేవాడు. మార్కెట్లో కూర్చునే పని కాదు. ఈ కుప్ప నుంచి ఆ కుప్పకు, ఈ లారీ నుంచి ఆ లారీకి తిరుగుతూనే ఉండాలి. ఆమెకు అది సరిపోయింది. మార్కెట్టు ఊరవతలికి తరలిపోయినప్పుడు జంగయ్య ఆటో కూడా దాని వెంట పోయింది. ముత్తమ్మ మిగిలిపోయింది. దిల్‌సుఖ్‌నగర్‌లో బట్టల షాపులో చీరలు మడత పెట్టే పనికి కుదిరి పదకొండు రోజులు చేసింది. కోచింగ్ పిల్లల హాస్టల్లో వంటకు కుదిరి నెల చేసింది. నాలుగు గోడల మధ్య ట్యూబులైటు కింద నిలబడితే ఆమె కాళ్ళలో చీమలు పాకేవి. పని మానేసి కొత్తపేట నుంచి ఎల్‌బీనగర్ చౌరస్తా దాకా, అక్కడి నుంచి నాగోలు దాకా ఊరికే నడిచి వచ్చేది.

"ఏడికి పోయినవ్?" అని జంగయ్య అడిగితే, "ఏడికి లే" అనేది. అది నిజం కూడా.

ఇంద్రాణి ఆమెకు దొరికింది దొంతిగుట్ట మీదే. తమ్ముడి కొడుకు నామకరణానికి గూడెం పోయిన ముత్తమ్మ, సాయంత్రం ఊసుపోక గుట్టెక్కితే, ప్యాంట్లూ బూట్లూ వేసుకున్న పద్నాలుగు మంది దారి తప్పి ఒక బండ మీద బిక్కుబిక్కుమంటూ కూర్చుని ఉన్నారు. వాళ్ళను తీసుకొచ్చిన అమ్మాయి ఫోను ఎత్తి పట్టుకుని సిగ్నల్ కోసం తిప్పుతోంది. ఆమే ఇంద్రాణి. ఎల్‌బీనగర్‌లో స్థిరపడిన గుంటూరు వాళ్ళ అమ్మాయి. కంప్యూటరు ఉద్యోగం మానేసి, దిల్‌సుఖ్‌నగర్‌లో టిఫిన్ సెంటర్ పైన ఒక గది అద్దెకు తీసుకుని, శని ఆదివారాలు జనాన్ని గుట్టలకు తీసుకెళ్ళే పని పెట్టుకుంది. ముత్తమ్మ ఆ పద్నాలుగు మందినీ మేకల్ని తోలినట్టు తోలుకుని చీకటి పడకముందే కిందికి దించింది. ఆ తర్వాతి శనివారం ఇంద్రాణి నుంచి ఫోను వచ్చింది. అలా మూడేళ్ళుగా ముత్తమ్మ గుట్టలకు దారి చూపిస్తోంది. ముందు ఆమె, వెనక ఇంద్రాణి, మధ్యలో జనం. నలభై ఎనిమిదేళ్ళ వయసులో ఆమెకు మళ్ళీ కాళ్ళు వచ్చినట్టయింది.

అందుకే భయం. ఈ పని పోతే మళ్ళీ ట్యూబులైటు కిందికే పోవాలి. పెళ్ళి పని ఇంద్రాణికి మొదటిది. మాటిచ్చేసింది. నడుమ ముత్తమ్మ అడ్డుపుల్ల వేస్తే ఏమనుకుంటుందో.

మాఘం వచ్చింది. పెళ్ళికి పదకొండు రోజులుందనగా ముత్తమ్మ ఒక్కతే బస్సెక్కి గూడెం పోయింది, గుట్టెక్కింది. మోదుగు చెట్లు ఆకు రాల్చి ఎర్రగా పూసి ఉన్నాయి. కొస దాకా పోకముందే వినపడింది, ఎక్కడో దూరంగా మిల్లు ఆడుతున్నట్టు. బోర్లా పడుకుని తొంగి చూసింది. మూడు మరకల మీదా మూడు తేనెపెరలు. నల్లగా నిగనిగలాడుతూ, గాలి తగిలినప్పుడల్లా వాటి ఒళ్ళు అలలు అలలుగా వణుకుతోంది. 

మర్నాడు పొద్దున్నే దిల్‌సుఖ్‌నగర్ గదికి పోయి చెప్పింది.

"మేడం, గా కొసకు పెరలు వట్టినయి. మూడున్నయి."

ఇంద్రాణి లాప్‌టాప్ మీంచి తల ఎత్తింది. "తేనెటీగలా? ఎంత దూరంలో ఉన్నాయి ముత్తమ్మా?"

"చరియ కింద. మనం కూసునే జాగకు ఇరవై అడుగులుంటది."

"మనం వాటి జోలికి వెళ్ళకపోతే అవీ మన జోలికి రావు కదా?"

"రావు గానీ... పొగ గిట్ల వోతే..."

అంతలో ఇంద్రాణి ఫోను మోగింది. పూలవాళ్ళు. ఆ తర్వాత కుర్చీలవాళ్ళు. ముత్తమ్మ తలుపు దగ్గర కాసేపు నిలబడింది. ఇంద్రాణి ఫోను చెవి దగ్గర పెట్టుకునే "జాగ్రత్తగా ఉందాంలే" అన్నట్టు చెయ్యి ఊపింది. ముత్తమ్మ మెట్లు దిగిపోయింది.

ఆ పది రోజులూ ఆమె ఇంట్లో ఉన్నది తక్కువ. రైతుబజారుకు రోజుకు రెండుసార్లు పోయింది. వంకాయలు తెచ్చి, ఉల్లిగడ్డలు మరిచిపోయానని మళ్ళీ పోయింది. కడిగిన గిన్నెలే కడిగింది. జంగయ్య చూసి చూసి అన్నాడు.

"ఏందే, పొద్దుగాలకెల్లి గానుగెద్దు లెక్క తిరుగుతున్నవ్? కూసో జర."

"కూసుంటే గా పెరలే యాదికొస్తున్నయి."

"చెప్పినవ్ గద మేడంకు."

"చెప్పిన. చెప్పాల్సినట్లు చెప్పలే."

జంగయ్యకు ఆ తేడా ఏమిటో అర్థం కాలేదు. ఆమెకు మాత్రం రాత్రిళ్ళు పక్క మీద దొర్లుతూ, పగలు దారిలో నడుస్తూ అదే తేడా గుచ్చుకుంటూ ఉంది.

పెళ్ళిరోజు తెల్లవారుజామున ఎల్‌బీనగర్ చౌరస్తా నుంచి రెండు బస్సులూ నాలుగు కార్లూ బయల్దేరాయి. మొత్తం యాభై ఐదు మంది. ఉదయలక్ష్మి తండ్రి రామమోహనరావుకు చైతన్యపురిలో పెయింట్ల షాపుంది. ముప్పై ఏళ్ళ కిందట భీమవరం నుంచి వచ్చిన మనిషి. పట్టు పంచె మోకాళ్ళ దాకా ఎగగట్టి, కింద బూట్లు తొడుక్కున్నాడు. కూతురు అడిగింది కాబట్టి కాదనలేక వచ్చాడే గానీ, గుట్ట కింద దిగగానే పైకి చూసి ఒక నిట్టూర్పు విడిచాడు. ఆయన తల్లి శేషారత్నం గారికి డెబ్భై తొమ్మిదేళ్ళు. ఆమె కోసం ముత్తమ్మ కుర్చీకి రెండు వెదురు బొంగులు కట్టించి, మోయడానికి గూడెం నుంచి నలుగురిని మాట్లాడింది.

"దేవుళ్ళందరూ కొండల మీదే చేసుకున్నారు పెళ్ళిళ్ళు. మన పిల్ల చేసుకుంటే తప్పొచ్చిందా?" అంటూ ఆ పెద్దావిడ కుర్చీలో కూర్చుని, పైకి లేవగానే "ఓరి నాయనో!" అని మళ్ళీ నవ్వింది.

ముహూర్తం తొమ్మిదీ పద్దెనిమిదికి. ఎక్కడం మొదలుపెట్టేసరికి ఏడున్నర. పట్టుచీరలు కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకున్న ఆడవాళ్ళు, చెప్పులు చేతబట్టుకున్న మేనత్తలు, తాంబూలాల పళ్ళేలు నెత్తిన పెట్టుకున్న వినయ్ స్నేహితులు. వాళ్ళ ముందు ముత్తమ్మ వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ నడుస్తోంది. సగం దారిలో సాపురాయి వస్తుంది. నాలుగు ఇళ్ళు పట్టేంత వెడల్పున్న నున్నటి బండ. ఒక పక్క వాననీళ్ళు నిలిచిన గుండం, ఇంకో పక్క నీడనిచ్చే రాయి. అక్కడికి చేరగానే ముత్తమ్మ కుర్చీ దింపించింది.

"అందరు జర ఆగుండ్రి. నేను పైకి పోయి చూసొస్త" అని, ఎవరు ఏమడిగినా వినకుండా ఎక్కిపోయింది.

కొస మీద, ముందురోజు కట్టిన మండపం ఎండలో మెరుస్తోంది. నాలుగు స్తంభాలకూ బంతిపూల దండలు, పైన లిల్లీ పూలు. ఆ పూల మీద ఈగలు వాలుతున్నాయి, లేస్తున్నాయి. పదీ ఇరవై కాదు. చరియ కింది నుంచి రొద ఇదివరకటి కంటే ఎక్కువగా వినిపిస్తోంది. ఎండ ఎక్కుతోంది. హోమం రాజేస్తే ఆ పొగ ఎటు పోతుందో చూద్దామని గుప్పెడు దుమ్ము తీసి వదిలింది. తిన్నగా చరియ మీదికే పోయింది.

ముత్తమ్మ కిందికి దాదాపు ఉరికింది. సాపురాయి చివర దారి ఇరుకుగా ఉన్న చోట రెండు చేతులూ చాచి నిలబడింది.

"పైకి పోవద్దు సార్. పెండ్లి గీడనే చేయుండ్రి."

రామమోహనరావుకు ముందు అర్థం కాలేదు. "ఇక్కడా? ఇక్కడేముంది? పైన మండపం కట్టించాం కదమ్మా."

"మండపం నిండ తేనెటీగలున్నయి. కింద చరియకు మూడు పెరలున్నయి. పొగ వోయిందంటే ఒక్కలు మిగలరు."

"ఇప్పుడా చెప్పేది? ముహూర్తానికి గంట కూడా లేదు! మీకు ఈ కొండ అంతా తెలుసన్నారు గదండీ?"

ఆ మాట ముత్తమ్మకు సూటిగా తగిలింది.  "తెలుసు సార్" అంది. "తెలిసే చెప్తున్న. మండపం వోతే మళ్ళ కట్టుకోవచ్చు. నేనైతే పక్కకు జరగ."

జనంలో గుసగుసలు లేచాయి. వినయ్ మేనమామ ఎవరో "కొంచెం పసుపు నీళ్ళు చల్లితే పోతాయి" అన్నాడు. ఇంకొకాయన "పోనీ హోమం చిన్నగా చేద్దాం" అన్నాడు. రామమోహనరావు ముఖం ఎర్రబడింది. ఆయన ఇంద్రాణి వైపు తిరిగాడు. "ఏంటమ్మా ఇదంతా? మీకు ముందు తెలియదా?"

ఇంద్రాణి ఒక్క క్షణం ముత్తమ్మను చూసింది. తెలియదు అంటే సరిపోయేది. ముత్తమ్మ కూడా అదే అంటుందనుకుంది.

"తెలుసు అంకుల్" అంది ఇంద్రాణి. "పది రోజుల క్రితమే ఈవిడ నాకు చెప్పింది. నేనే చెవిన పెట్టలేదు. తప్పు నాది. ఈవిడ వద్దంటే మాత్రం నేను ఎవరినీ పైకి తీసుకెళ్ళను."

 ఉదయలక్ష్మి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె పైకి చూసింది, మూడు నెలలుగా కలలు కన్న చోటు వైపు. అప్పుడు కుర్చీలోంచి శేషారత్నం గారి గొంతు వినిపించింది.

"ఏవమ్మాయ్, నువ్వు ఈ ఊరి దానివేనా?"

"అవునమ్మా. మేకలు కాసిన గీ గుట్ట మీద."

"ఈగలు కుడితే చూశావా ఎప్పుడన్నా?"

"చూసిన. రెండు మేకలు పోయినయి. కట్టేసినయి గదా, ఉరకలేకపోయినయి." ముత్తమ్మ ఆగింది. ఆమె చూపు ఆ కుర్చీ మీద, బొంగులకు కట్టిన తాళ్ళ మీద పడింది. 

పెద్దావిడకు అది అర్థమైంది. కొడుకు వైపు తిరిగి, "మోహనం, నేను ఉరకలేను నాయనా" అంది. తర్వాత పురోహితుణ్ణి అడిగింది. "పంతులు గారూ, మండపం లేకపోతే పెళ్ళి చెల్లదా?"

"అగ్ని ఉంటే చాలమ్మా. దీనికంటే మంచి పీట ఎక్కడ దొరుకుతుంది?" అని ఆయన బండ మీద అప్పటికే కండువా పరచుకుని సామాను సర్దుకోవడం మొదలుపెట్టాడు.

ఇక అందరికీ చేతులు వచ్చాయి. దుప్పట్లు పరిచారు, గుండంలోంచి నీళ్ళు తెచ్చారు. ముత్తమ్మ మళ్ళీ దుమ్ము వదిలి చూసింది. ఇక్కడ గాలి పడమటి లోయ వైపు వీస్తోంది. "డోలు కొట్టకుండ్రి. సన్నాయి మెల్లగ ఊదితే ఊదుండ్రి" అని చెప్పింది. ఒకసారి కాదు, వాళ్ళు విసుక్కునే దాకా చెప్పింది. వినయ్ వచ్చి ఉదయలక్ష్మి చెవిలో ఏదో అన్నాడు. ఆమె ముక్కు చీదుకుని నవ్వింది. తొమ్మిదీ పద్దెనిమిదికి వధూవరులు ఒకరి నెత్తిన ఒకరు జీలకర్రా బెల్లం పెట్టుకున్నారు. శేషారత్నం గారు అక్షింతలు విసిరితే సగం ఆమె ఒడిలోనే పడ్డాయి.

అంతా బాగానే ఉంది. అయినా ముత్తమ్మ ఒక చోట నిలవలేకపోయింది. జనం చుట్టూ తిరుగుతూ తలలు లెక్కపెట్టింది. కుర్చీ మోసినవాళ్ళు కాక యాభై ఐదు ఉండాలి. యాభై నాలుగే ఉన్నాయి. మళ్ళీ లెక్కపెట్టింది. ఫోటోలవాళ్ళు ముగ్గురు ఉండవలసింది, ఇద్దరే కనపడ్డారు.

"డ్రోన్ పట్టుకొచ్చినాయన ఏడి?"

"రవితేజ పైకెళ్ళాడమ్మా" అన్నాడు ఒకడు, కెమెరా మీంచి కన్ను తీయకుండానే. "ఖాళీ మండపం పై నుంచి ఒక షాట్ తీసుకొచ్చేస్తానన్నాడు."

ముత్తమ్మ కొస వైపు తిరిగింది. ఆమె నోరు తెరిచేలోపే పై నుంచి ఆ చప్పుడు వచ్చింది. ముందు డ్రోన్ది, సన్నగా, గుయ్యిమని. తర్వాత దాని వెనక నుంచి ఇంకొకటి, లావుగా, బండలో నుంచే పుడుతున్నట్టు. నలభై ఏళ్ళ తర్వాత విన్నా అది ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు. కొస మీద నల్లటి పొగ లాంటిది లేచి విడిపోయింది.

"మేడం, అందర్ని కూసోబెట్టు. కొంగులు, కండువాలు నెత్తిల మీద కప్పుకోమను. చేతులు ఊపొద్దు, ఉరకొద్దు" అంటూనే బండ మీద పరిచిన తెల్ల దుప్పటి ఒకటి లాగింది. దాని మీద ఉన్న పసుపు కొమ్ములు దొర్లిపోయాయి. ఇంద్రాణి "ముత్తమ్మా, వద్దు!" అని అరిచేసరికి ఆమె సగం ఎక్కేసింది.

రవితేజ ఇరవై ఆరేళ్ళ కుర్రాడు. మండపం దగ్గర చేతులు గాలిలో బాదుతూ, అరుస్తూ, గుండ్రంగా తిరుగుతున్నాడు. ప్రతి చుట్టుకూ చరియ అంచుకు కొంచెం దగ్గరవుతున్నాడు. అతని తల నల్లగా కదులుతోంది.

"పండుకో! బిడ్డా, కిందికి పండుకో!"

అతనికి వినపడలేదు. ముత్తమ్మ దుప్పటి తల మీంచి కప్పుకుని పరుగెత్తి, వెనక నుంచి అతని నడుం పట్టుకుని అలాగే పడేసింది. ఇద్దరూ బండ మీద దొర్లారు. లాక్కుంటూ లాక్కుంటూ రెండు రాళ్ళ మధ్య సందులోకి, బలుసు పొద కిందికి తోసి, పైన దుప్పటి కప్పి నాలుగు మూలలూ కాళ్ళతో, మోచేతులతో తొక్కిపెట్టింది. మెడ మీద, చెవి వెనక, మణికట్టు మీద నిప్పురవ్వలు పడ్డట్టు కుట్టాయి. అతను లేవబోయాడు. ఆమె అతని జుట్టు పట్టుకుని కిందికి నొక్కింది.

"కదలకు. కదిలితే ఇద్దరం పోతం. మెల్లగ ఊపిరి తీసుకో."

"అమ్మా... కళ్ళు కనపడట్లేదమ్మా..."

"కనపడకపోతే ఏమైంది, నేనున్న గదా. నీదే ఊరు?"

"తుని..."

"తునిల సముద్రం ఉంటదా?"

"కొంచెం దూరం..."

అలా ఏదో ఒకటి అడుగుతూనే ఉంది. దుప్పటి మీద వాన పడుతున్నట్టు టపటపా కొట్టుకుంటున్నాయి. గాలి ఆడక ఒళ్ళంతా చెమట. ఎంతసేపో తెలియదు. మధ్యలో ఎప్పుడో కింది నుంచి సన్నాయి ఒక్కసారి పెద్దగా మోగి ఆగిపోయింది. తాళి కట్టినట్టున్నారు అనుకుంది. ఆ పిల్లను పెళ్ళికూతురిగా సరిగ్గా చూడను కూడా లేదు అనుకుంది.

రొద తగ్గి, పూర్తిగా తగ్గి, ఇంకా కాసేపు ఆగాక ఆమె దుప్పటి అంచు ఎత్తింది. తర్వాత కుర్చీ మోసిన గూడెం మనుషులు దుప్పట్లు కప్పుకుని పాకుతూ వచ్చారు. శేషారత్నం గారు ఎక్కి వచ్చిన కుర్చీలోనే రవితేజను కిందికి దించారు. కింద సాపురాయి మీద ఏడెనిమిది మందిని ఒకటీ రెండూ కుట్టాయి, అంతే. కొంగులు కప్పుకుని కూర్చున్న ఆడవాళ్ళ మధ్యలో ఉదయలక్ష్మి మెడలో పచ్చటి తాడు ఉంది. పంతులు గారు నెత్తిన పంచె కప్పుకునే మంత్రం ఆపకుండా చదివాడట.

ఎల్‌బీనగర్ దాకా అంబులెన్సులో రవితేజ ముత్తమ్మ చెయ్యి వదల్లేదు. దవాఖానలో అతని ఒంట్లోంచి డెబ్భైకి పైగా ముళ్ళు తీశారు. రెండు రోజులు గడిస్తే గానీ ఏమీ చెప్పలేమన్నారు. మూడోరోజు కళ్ళు తెరిచి, తన మొహం అద్దంలో చూసుకుని, మొదటి మాటగా "డ్రోన్ దొరికిందా?" అని అడిగాడు. దొరకలేదు.

ముత్తమ్మకు పందొమ్మిది ముళ్ళు. ఆమెను ఒక్క రాత్రి ఉండమన్నారు. ఆ ఒక్క రాత్రే ఆమెకు యుగమైంది. సెలైన్ స్టాండు తోసుకుంటూ వరండాలో ఆ చివర నుంచి ఈ చివరకు తిరుగుతుంటే నర్సు రెండుసార్లు కోప్పడింది. పొద్దున ఇంద్రాణి వచ్చేసరికి మంచం అంచున, దిగడానికి సిద్ధంగా ఉన్నట్టు కూర్చుని ఉంది. చెవి ఒకటి ఉబ్బి బూరెలా ఉంది.

"మేడం, ఒక మాట చెప్పాలె" అంది. "కార్తీకంలనే నాకు ఎరుక. బండకు మరకలు చూసిన. అవి మాఘంల వస్తయని ఎరుకే. చెప్పలే. గా పిల్ల సంబురం జూసి, మీరేమనుకుంటరో అని... చెప్పలే. గా పిలగాడు పోతే నా మీదనే ఉండె."

 ఇంద్రాణికి కోపం వస్తుందేమోనని ముత్తమ్మ చూసింది. కోపమే వచ్చింది.

"చెప్పాల్సింది ముత్తమ్మా" అంది ఇంద్రాణి. "గట్టిగా చెప్పాల్సింది. నేను ఫోనులో ఉంటే ఫోను లాక్కుని చెప్పాల్సింది." తర్వాత పక్కన కూర్చుని, "నేనూ వినాల్సింది" అంది. "ఇక పెళ్ళిళ్ళు వద్దు. మానేద్దాం."

"మానుడెందుకు? కార్తీకంల చేసుకోవచ్చు, మార్గశిరంల చేసుకోవచ్చు. గీ మూడు నెలలు గా కొస మనది కాదు, వాటిది. అంతే."

మధ్యాహ్నం రామమోహనరావు వచ్చాడు, చేతిలో లడ్డూల పెట్టెతో. మంచం దగ్గర నిలబడి పెట్టెను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "మా అమ్మ పంపిందండీ" అన్నాడు చివరికి. "ఆవిడ... ఆ కుర్చీలో... పైన ఉండుంటే..."  కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకుంటూ గుమ్మం వైపు తిరిగిపోయాడు. ముత్తమ్మ లడ్డూ ఒకటి తీసి మంచం పక్కనున్న జంగయ్యకిచ్చింది. ఆమెకు తినబుద్ధి కాలేదు. ఆ కుర్చీ తాళ్ళే ఆమెకు ఇప్పటికీ కళ్ళలో మెదులుతాయి. జరగనిదే అయినా, జరిగినంత స్పష్టంగా.

ఆ తర్వాత ముత్తమ్మలో ఒకటి మారింది. ఏదైనా ఒకసారి చెప్పి ఊరుకోవడం మానేసింది. ఇంట్లో గ్యాసు గురించి, ఆటో బ్రేకుల గురించి, మెట్ల మీద ఆరబెట్టిన బట్టల గురించి నాలుగేసి సార్లు చెబుతుంది. "పరేషాన్ చేస్తున్నవే" అని జంగయ్య తల పట్టుకుంటాడు. ఆమె పట్టించుకోదు.

ఫాల్గుణం చివర ఒక శనివారం, తెల్లవారుజామున ఎల్‌బీనగర్ మెట్రో మెట్ల కింద పద్దెనిమిది మంది కొత్తవాళ్ళు బ్యాగులు తగిలించుకుని నిలబడ్డారు. ఈసారి వేరే గుట్ట, భువనగిరి దాటాక. ఇంద్రాణి బస్సు డ్రైవరుతో మాట్లాడుతోంది. ముత్తమ్మ ఒక్కొక్కరి దగ్గరికీ పోయి వాసన చూస్తోంది.

"సెంటు కొట్టుకున్నవా అమ్మా?"

"కొంచెమే ఆంటీ" అని నవ్వింది ఒక అమ్మాయి.

"తుడుచుకో. గా మూలకు నల్లా ఉంది, మెడ కడుక్కొని రా."

"అంత అవసరమా ఆంటీ? కొండ ఎక్కేసరికి చెమటకు పోతుందిలే."

"అవసరమే. సెంటు వాసనకు ఈగలొస్తయి. పో, కడుక్కొని రా."

అమ్మాయి స్నేహితుల వైపు చూసి భుజాలెగరేసింది. బస్సు స్టార్టయింది. ఇంద్రాణి కిటికీలోంచి తల బయట పెట్టి, "ఇంకా ఎంతసేపు ముత్తమ్మా?" అంది.

"ఆగు మేడం. గీమె కడుక్కుంటేనే బండి కదులుతది" అని ముత్తమ్మ బస్సు మెట్టు మీద అడ్డంగా నిలబడింది.

అమ్మాయి మూతి ముడుచుకుని నల్లా వైపు నడిచింది.